కత్తిరింపుల మూట

"వాన" అంది ఆ గొంతు.

దర్జీ మాస్టారి వేలు మీట మీద అలాగే ఆగిపోయింది.

ఎదురుగా తెర మీద నాలుగు మాటలున్నాయి. వాన, వాడ, వాత, వాగు. విన్నది ఏదో చూసుకుని దాని కింద మీట నొక్కాలి. అంతకు మించి పనేమీ లేదు. కాని మాట ఒక్కటే రాదు, దానితో పాటు హోరు వస్తుంది. సంతలో జనమంతా ఒక్కసారే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది ఆ హోరు. దాని అడుగున ఎక్కడో, బకెట్టు నీళ్ళలో జారిపడ్డ గుండీలా, ఆ ఒక్క మాట.

మాస్టారు తల తిప్పి వెనక్కి చూశారు. వెనక ఎవరూ లేరు. గోడల నిండా మెత్తటి దిమ్మలు అతికించి ఉన్నాయి. తలుపు మూరెడు మందం. చప్పుడు చొరని గది అని ముందే చెప్పారు. దగ్గితే దగ్గు కూడా నోటి దగ్గరే ఆగిపోతుందిట.

"ఏం పెద్దాయనా, వినబడలేదా?" హెడ్‌ఫోన్లలో ఈసారి అటెండరు గొంతు. అద్దం అవతల కూర్చుని చెయ్యి ఊపుతున్నాడు. "వినబడకపోతే తోచింది నొక్కెయ్యండి. తప్పయినా ఫర్వాలేదు. మాకిక్కడ తప్పులే ఎక్కువ కావాలి."

"వినబడింది" అన్నారు మాస్టారు. వాన కింద మీట నొక్కారు.

"గోడ" అంది గొంతు. "పాలు" అంది. "మేక" అంది.

పాలు అన్నప్పుడు ఆ 'పా' కొంచెం సాగింది. సూది లోంచి దారం లాగినట్టు సాగి, ఠక్కున తెగింది. అలా సాగదీసే మనిషి ఆయన ఎరిగినంతలో ఒక్కతే. నాన్న మిషను, చిన్నాన్న మిషను, మూలన పెద్ద మిషను, మూడూ ఒక్కసారి తొక్కుతుంటే ఇల్లంతా దడదడలాడేది. ఆ దడదడ మీంచి, వంటింటి గుమ్మంలో నిలబడి, అక్క పిలిచేది. ఒరేయ్ పాలు తాగి పోరా. వినబడనట్టు నటించేవాడు తను. నాన్నకి వినబడేది కాదు, చిన్నాన్నకి వినబడేది కాదు. తనకి మాత్రం ప్రతిసారీ వినబడేది.

హోరు పెరిగింది. "చేప" అంది అక్క. ఇంకా పెరిగింది. "నూలు" అంది. మాస్టారు నొక్కుతూ పోయారు. చెవులు వింటున్నాయో, ఇంకేదైనా వింటోందో ఆయనకే తెలీలేదు. కళ్ళు మాత్రం మసకగా ఉన్నాయి. తెర మీద అక్షరాలు సరిగా కనబడక ముందుకు వంగవలసి వచ్చింది.

బయటికి వచ్చాక అటెండరు టీ గ్లాసు చేతికిచ్చాడు. వినడానికి వచ్చే పెద్దవాళ్ళందరికీ ఇస్తారు.

"ఆ గొంతు ఎవరిదండీ?" మాస్టారు గ్లాసు వైపు చూస్తూ అడిగారు.

"పాత టేపులవి. మా పెద్ద ప్రొఫెసరుగారి కాలంలో చదివించినవి. పెట్టె మీద 'ఆడ గొంతు' అని రాసుంది, అంతే." అటెండరు నవ్వాడు. "ఏం, బావుందా?"

మాస్టారు టీ ఊదుకున్నారు. పొద్దున ఇదే అటెండరు కాగితం చూస్తూ వరసగా అడిగాడు. చెవిపోటు ఉందా, జలుబు చేసిందా, వినబోయే గొంతు మీకు తెలిసినవాళ్ళది కాదు కదా? ఆ ఆఖరిది అడిగి, తనే చెయ్యి విదిలించాడు. "ఇది అడగమన్నారు గాని, అది ఎప్పటి గొంతో, మీకెలా తెలుస్తుంది లెండి!" తెలీదండి, అన్నారు మాస్టారు. అప్పటికి నిజమే అది. ఒక్క మాట వినేసరికి అబద్ధమైంది.

"రేపు కూడా రావాలి కదండీ?"

"రేపూ రావాలి, ఎల్లుండీ రావాలి. ఆఖరి రోజున ఇలా విడి మాటలు కాదు. వాక్యాలుంటాయి. మొత్తం వాక్యాలు." అటెండరు ఆయన చేతిలో పెట్టిన ఆకుపచ్చ బిళ్ళని చూపించాడు. "ఇది జాగ్రత్త. పేర్లు ఉండవు మాకు, బిళ్ళ రంగే. ఏ రంగో ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా ఆ కంప్యూటర్ల గదిలో పనిచేసే అమ్మాయికి."

బిళ్ళని చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తడుముకుని, మాస్టారు ఇంటి దారి పట్టారు. వాక్యాలు, అనుకున్నారు. మాటకీ మాటకీ మధ్య అక్క ఎలా ఆగేదో, ఎక్కడ ఊపిరి తీసుకునేదో, అదంతా వాక్యంలోనే కదా ఉంటుంది.

*

"ఏమండోయ్, వెళ్ళొచ్చారా, ఎవరిదో ఆడగొంతు వినిపిస్తారన్న చోటికి?" అంది భార్య, గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే.

ఇల్లూ కొట్టూ ఒకటే. వీధి గదిలో మిషను, కత్తిరించే బల్ల, గోడకి తగిలించిన చొక్కాలు. మధ్యలో తెర. తెరకి అవతల వంటిల్లు, దేవుడి పటాలు, భార్య.

"వెళ్ళాను."

"ఈ వయసులో చెవులు పరీక్ష చేయించుకుంటానంటే సరే అన్నాను. మొదటి రోజే ముస్తాబు మొదలయింది. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. నేను పిలిస్తే మాత్రం ఒక్కసారికి పలకరు."

"మిషను మీద ఉంటే వినబడదే."

"ఆవిడెవరో నూతిలోంచి మాట్లాడినా వినబడుతుంది కాబోలు!"

మాస్టారు నవ్వబోయి ఆగారు. బల్ల దగ్గర కూర్చుని, సుద్దముక్క తీసుకుని, ఎవరిదో చొక్కాబట్ట మీద గీత గీశారు. గీత వంకర పోయింది. ఆయన గీత వంకర పోవడం భార్య ఎప్పుడో గాని చూడలేదు. తెర పక్కనించి చూసింది. లోపలికెళ్ళి దీపం ముందు కూర్చుంది.

ఆవిడ ప్రార్థన సణుగుడుగా వినబడుతోంది. అందరి పేర్లూ చెప్పుకుంటుంది ఆవిడ. పక్కింటివాళ్ళ పిల్ల పరీక్ష, తన మోకాళ్ళు, ఆయన చూపు. మాస్టారికి ఎప్పటినుంచో ఒక సందేహం. ఇంత లోకంలో ఇంతమంది ఒక్కసారే పిలుస్తుంటే, ఆ హోరులో దేవుడికి ఎవరి గొంతు ఏదో ఎలా తెలుస్తుంది? చిన్నప్పుడు అక్కని అడిగితే, నీ గొంతు అయితే తెలుస్తుందిలే, కాకిలా ఉంటుంది, అంది. ఆ తర్వాత ఇంకెవరినీ అడగలేదు.

అక్క పోయినప్పుడు ఆయనకి ఇంకా పెళ్ళి కాలేదు. జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఆ ముందు కొన్నాళ్ళు పొద్దున్నే తయారై ఎక్కడికో చదవడానికని వెళ్ళేది. సాయంత్రం గొంతు బొంగురుపోయి వచ్చేది. ఏం చదివిస్తారే అక్కడ అని నాన్న అడిగితే, "ఏముంది నాన్నా, పిల్లి, బల్లి, వాన, గోడ" అనేది. అందరూ పడీ పడీ నవ్వేవారు. అంత చదువుకున్నవాళ్ళు ఒకచోట చేరి పిల్లి బల్లి చదివించుకుంటారా అని.

*

మరునాడు రెండో విడత విని వచ్చి, మాస్టారు మిషనుకి నూనె పెడుతుంటే, కంప్యూటర్ల గదిలో పనిచేసే అమ్మాయి కొట్టు ముందు నిలబడింది. చేతిలో కోటు.

"మాస్టారూ, మీరేనా! అక్కడ టీ దగ్గర చూశాను మిమ్మల్ని. మీరు నా కోటు చెయ్యి వైపే చూస్తున్నారు."

"చిరుగు కనబడితే చూపు అటే పోతుందమ్మా. వృత్తి జబ్బు." కోటు అందుకుని మోచేతి దగ్గర చిరుగులోకి వేలు దూర్చారు. "ఎక్కడ పట్టుకుంది?"

"కంప్యూటర్ల అరల మూల తగిలింది. ఆ గదిలో ఒకటే చలి. అవి వేడెక్కకూడదని మమ్మల్ని గడ్డకట్టిస్తారు."

"లోపలి గుడ్డ కూడా పోయింది. మార్చాలి. కూర్చో, ఎంతసేపు!"

ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. గోళ్ళు కొరుక్కుంటోంది. మాస్టారు పాత కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ, మాట కలపడానికని, "అన్ని కంప్యూటర్లు ఏం చేస్తాయమ్మా ఒక్కసారే?" అన్నారు.

"వింటాయి. మనుషులు హోరులో మాట ఎలా పట్టుకుంటారో మా మేడం చూస్తారు. మనిషి విన్నట్టే మిషను వినగలదా అని నేను చూస్తాను. ఒక్క కంప్యూటరు వల్ల అయ్యే పని కాదు. అందుకని టేపుల్ని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కోదానికి పంచుతాను. అన్నీ పక్కపక్కనే, ఒకేసారి పనిచేస్తాయి. ఆఖర్న అన్నిటి జవాబులూ తెచ్చి ఒకచోట కలపాలి. ఆ కలిపే ప్రోగ్రాము నాది."

"మా నాన్న కొట్టులో ఇలాగే ఉండేది. చిన్నాన్న కాలర్లు, నేను చేతులు, మా అక్క కాజాలు. ఎవరి పని వాళ్ళది. ఆఖర్న నాన్న కలిపేవాడు."

"ఎప్పుడూ తేడా రాలేదా?"

"ఎందుకు రాదూ! ఒకసారి బండోడి చొక్కాకి బక్కోడి చేతులు కుట్టేశాడు. బండాయన తొడుక్కోబోతే మోచెయ్యి దగ్గరే ఆగిపోయింది. నా చెయ్యి పెరిగిందా ఏంటని బెంగపడ్డాడు పాపం!"

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నేనూ అదే చేశానంటున్నారు మాస్టారూ. ఒకరి చేతులు ఇంకొకరికి."

మాస్టారు సూది ఆపారు.

"మనుషుల జవాబులు కూడా నా ప్రోగ్రామే కలుపుతుంది. అందరికీ హోరు పెరిగేకొద్దీ తప్పులు వస్తాయి. రావాలి కూడా. ఆకుపచ్చ బిళ్ళాయన ఒక్కడికి మాత్రం ఒక్క తప్పూ లేదు. ఎంత హోరయినా సరే. అలా మనిషన్నవాడికి రాదు. అంటే ఏంటి? సరైన జవాబులు తెచ్చి నేనే ఆయన కింద అతికించేశానన్నమాట. నిన్నటి నుంచీ వెతుకుతూనే ఉన్నాను. అన్ని కంప్యూటర్లనీ మళ్ళీ మొదటినుంచీ నడిపించాను. తప్పు ఎక్కడుందో దొరకట్లేదు."

"దొరక్కపోతే?"

"రేపు మధ్యాహ్నం మీటింగు. పని నా దగ్గర్నుంచి తీసేసి ఇంకొకరికి ఇస్తారు. తప్పు చేస్తే క్షమిస్తారు మాస్టారూ మా దగ్గర. ఎక్కడ చేశావో చెప్పలేకపోతే మాత్రం క్షమించరు." గబుక్కున నోరు నొక్కుకుంది. "అయ్యో, మీకివన్నీ చెప్పకూడదు. మీరూ వింటున్నారు కదా. మీ బిళ్ళ ఏ రంగో చెప్పకండి నాకు!"

"చెప్పను" అన్నారు మాస్టారు. సూది మొన వేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో చొక్కా జేబు మూసుకున్నారు. "కోటు రేపు పొద్దున నేనే తెస్తానులే. నువ్వింటికెళ్ళి కాస్త అన్నం తిను."

ఆ సాయంత్రం ఆయన భార్యకి అంతా చెప్పారు. ఆవిడ చేటలో గింజలు ఏరుతోంది. మీ అక్క గొంతా, అని ఒక్కసారి అడిగి, తర్వాత అడగలేదు. ఏరిన రాళ్ళు నేల మీద ఒక వారగా పెట్టుకుంటూ పోయింది.

"రేపు వాక్యాలన్నారా?"

"ఆఁ."

"ఎన్నింటికి?"

"పొద్దున్నే. మీటింగు మధ్యాహ్నం."

"మరింకేం! పొద్దున విని, ఆ తర్వాత చెప్పండి. ఒక్క పూట. ఆ పిల్లకీ నష్టం లేదు, మీకూ లేదు. దేవుడేం అనుకోడు."

మాస్టారు తల ఊపారు. తను అనుకున్నదీ అదే. ఆ మాట భార్య నోట వినేసరికి, అందులో ఎక్కడో కుట్టు తప్పినట్టు అనిపించింది. ఎక్కడో మాత్రం చెప్పలేకపోయారు.

*

పొద్దున కోటు మడిచి, దానితో పాటు చిన్న గుడ్డమూట కూడా సంచిలో పెట్టుకుని బయల్దేరారు.

కంప్యూటర్ల గది తలుపు తీసే ఉంది. లోపల అరలు అరలుగా, పొడుగాటి బీరువాల్లా నిలబడి ఉన్నాయి. ఒక్కోదానికీ చిన్న చిన్న దీపాలు. పంకాల రొద. ఆ రొదలోకి అడుగుపెట్టగానే మాస్టారికి నాన్న కొట్టు గుర్తొచ్చింది. ఇన్ని మిషన్లు ఒకేసారి తొక్కుతున్నా తలెత్తి చూసే మనిషి ఒక్కడూ లేడు, అంతే తేడా.

అమ్మాయి కోటు తొడుక్కుని మోచెయ్యి మడిచి చూసుకుంది. "అతుకు ఎక్కడో కూడా తెలియట్లేదు! మరి ఈ మూటేంటి మాస్టారూ?"

"కత్తిరింపులు. నీ కోటులోంచి తీసినవి, కొత్తగా వేసిన గుడ్డలో మిగిలినవి."

"ఇవి నేనేం చేసుకుంటాను?"

"ఏమీ చేసుకోకు. నీ బట్ట కాబట్టి నీకిచ్చాను. ముక్కయినా దర్జీది కాదు, బట్టగలవాళ్ళది. మా నాన్న కాలం నుంచీ అంతే. తొడుక్కునేది మీకిచ్చి మిగిలింది నేనుంచుకుంటే ఎలా?"

అమ్మాయి మూట విప్పి, వేలెడు ముక్కలు చూసి, నవ్వుతూ మళ్ళీ ముడేసింది. "మా దగ్గరా ఇలాంటి కుప్పే ఉంది. టేపులు ముక్కలు చేసేటప్పుడు మాటలు మాత్రం ఉంచుతాం. మధ్యలో దగ్గులు, ఊపిర్లు, కాగితం తిప్పిన చప్పుడు, అవన్నీ తీసి ఒక మూల పడేస్తుంది ప్రోగ్రాము. పని అయిపోగానే తుడిచేస్తాం."

"ఊపిర్లు కూడానా?"

"ఊపిరి మాట కాదు కదా మాస్టారూ."

మాస్టారు ఖాళీ సంచి మడుచుకున్నారు. రెండు రోజులుగా తనకి వెలితిగా అనిపిస్తున్నది ఏమిటో ఇప్పుడు తెలిసింది. పిలిచే ముందు అక్క ఊపిరి తీసుకునేది. ఆ ఊపిరి వినబడగానే పలకాలా వద్దా అని తను తేల్చుకునేవాడు. ఇక్కడ మాట వస్తోంది గాని, దాని ముందు మనిషి రావట్లేదు.

నడవా చివర చప్పుడు చొరని గది. అటెండరు తలుపు తెరిచి పట్టుకుని, "రండి పెద్దాయనా, ఇవాళ వాక్యాలు!" అన్నాడు ఉత్సాహంగా. లోపల కుర్చీ, బల్ల మీద హెడ్‌ఫోన్లు. నడవాలో ఈ చివర మేడం గది. ఆ గది తలుపు ఓరగా ఉంది.

వెనక ఆ అమ్మాయి కోటు గుండీలు పెట్టుకుంటోంది. కంగారులో ఒక గుండీ తప్పు కాజాలో దూర్చింది. దాని కిందవన్నీ తప్పుగానే పోతున్నాయి. ఆమె చూసుకోవట్లేదు. మాస్టారు చూశారు.

వాక్యాలు వినేశాక ఈ ఆకుపచ్చ బిళ్ళ నాదే అని చెబితే, తెలిసి తెలిసి వాళ్ళ లెక్కలో ఇంకొక పూట అబద్ధం కుట్టినట్టు. విన్నవన్నీ మళ్ళీ సరిగ్గానే వస్తాయి. అవి విప్పడానికి ఈ పిల్ల మళ్ళీ కూర్చోవాలి.

"ఒక్క నిమిషం నాయనా" అని అటెండరుతో చెప్పి, మేడం గది వైపు నడిచారు.

మేడంది ఆయన వయసే. జుట్టు తెల్లబడింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చెప్పమన్నట్టు చూశారు.

మాస్టారు ఆకుపచ్చ బిళ్ళ తీసి ఆవిడ ముందు పెట్టారు. "ఆ అమ్మాయి తప్పేమీ లేదండి. ఎవరి చేతులు వాళ్ళకే కుట్టింది. ఆ గొంతు నాకు తెలుసు. మా అక్కది."

మేడం బిళ్ళని తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"మావాడు మిమ్మల్ని అడగలేదా?"

"అడిగాడండి. తెలీదన్నాను. వినక ముందు అడిగాడు మరి. విన్నాక నేనే చెప్పాల్సింది."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే విననివ్వరు కదండీ."

మేడం కిటికీ వైపు తిరిగారు. "విననివ్వను. ఇప్పుడూ విననివ్వను. మీ జవాబులన్నీ తీసెయ్యాలి. తెలిసిన గొంతయితే చెవికి సగం పని తప్పుతుంది. మిగతా సగం లోపల్నుంచి వస్తుంది." గొంతు తగ్గించారు. "ఆ లోపల ఏముందో, ఎక్కడుందో, ఇన్నేళ్ళు వెతికినా మాకు పూర్తిగా తెలీలేదు లెండి."

"మా ఆవిడ దాన్ని దేవుడంటుందండీ."

"మీరేమంటారు?"

"నాకూ తెలీదండి. అడుగుతూ ఉంటాను."

మేడం నవ్వలేదు. తల ఊపారు. "మీ అక్కగారి పేరు?"

మాస్టారు చెప్పారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పేరు పైకి అన్నారు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. అక్కా అనడం తప్ప, పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు ఆయన.

గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "మేడంగారూ, ఆ వాక్యాలు ఎలాంటివండీ?"

"ఏముంటాయి, మామూలువే." మేడం గుర్తు తెచ్చుకుంటూ చెప్పారు. "తలుపు దగ్గర ఎవరో ఉన్నారు. ఆ దీపం కాస్త ఇటు జరుపు. అలాంటివి."

మాస్టారు కళ్ళు మూసుకుని ఆ రెండూ మేడం గొంతులో విన్నారు. దణ్ణం పెట్టి బయటికొచ్చేశారు. నడవాలో ఆ అమ్మాయి ఎదురైతే, "గుండీలు తప్పు పెట్టుకున్నావమ్మా, పైనుంచి మళ్ళీ పెట్టుకో" అని మాత్రం చెప్పారు.

*

తర్వాత రెండు మూడు రోజులు ఆయన మిషను దిగలేదు. వచ్చిన పనల్లా చేశారు. భార్య ఎగతాళి మానేసింది. మానెయ్యడమే ఎక్కువ వినబడింది.

ఒక సాయంత్రం, ఎండ వీధి గదిలోకి ఏటవాలుగా పడుతుండగా, కోటు అమ్మాయి వచ్చింది. గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి. చేతిలో మిఠాయి పెట్టె అంత డబ్బా.

"రామ్మా, రా! ఏమయింది నీ మీటింగు?"

"పని నా దగ్గరే ఉంది. మేడం అందరి ముందూ చెప్పారు, ప్రోగ్రాములో తప్పు లేదని. మీ గురించి కూడా చెప్పారు, పేరు లేకుండా. నాకు మాత్రం తర్వాత విడిగా చెప్పారు." బల్ల మీద గుడ్డలు జరిపి డబ్బా పెట్టింది. "ఇంకొకటి చేశారు. పాత టేపుల పెట్టె మీద 'ఆడ గొంతు' అని ఉండేది కదా, అది కొట్టేసి మీ అక్కగారి పేరు రాశారు. ఆవిడే రాశారు, సిరాతో."

మాస్టారు కత్తెర తీసి పక్కన పెట్టారు. మళ్ళీ తీసుకుని ఇంకో పక్కన పెట్టారు.

"మాటలూ వాక్యాలూ ఇవ్వకూడదు మాస్టారూ, అవి పరీక్షవి. కాని మిగిలినవి..." ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "ముక్కయినా దర్జీది కాదన్నారు కదా మీరు. మేడంని అడిగాను. పరీక్షలో లేనిది పరీక్షది కాదు, తీసుకెళ్ళమన్నారు. మొత్తం కుప్పంతా వరసలో కలిపాను. ఇందులో ఒక్క పరీక్ష మాట కూడా లేదు. ఏమీ ఉండదేమో కూడా. వింటారా?"

మాస్టారు లేచి మిషను మీద గుడ్డ కప్పారు. స్టూలు దగ్గరికి లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అమ్మాయి మీట నొక్కింది.

ముందు కాగితం చప్పుడు. కుర్చీ కిర్రుమంది. తర్వాత ఊపిరి.

ముక్కుతో మెల్లగా లోపలికి తీసుకుని, ఒక్క క్షణం నిలిపిన ఊపిరి. ఆ తర్వాత రావలసిన మాట లేదు. మళ్ళీ ఊపిరి. మళ్ళీ. గొంతు సవరింపు. గాజులు బల్లకి తగిలిన చప్పుడు. పిలవబోయి, పిలవబోయి, పిలవబోయి ఆగిపోతున్న మనిషి. మాస్టారి పెదవులు ఒక్కో ఊపిరి చివరా కదులుతున్నాయి. ఆఁ, ఆఁ, అని. చప్పుడు లేకుండా పలుకుతున్నారు. చిన్నప్పుడు పలకనివన్నీ పలుకుతున్నట్టు.

చిన్న నవ్వు వచ్చింది ఒకచోట. ఏ మాట తప్పు చదివిందో! "అయ్యో, మళ్ళీ చదువుతానండీ" అంది అక్క. మళ్ళీ కాగితాలు. దగ్గు. ఇంకో దగ్గు. ఆ మీదట, బొంగురు గొంతుతో, దగ్గరగా, "కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అంది.

వంటింట్లో గిన్నె కదిలింది. తెర తొలగించుకుని భార్య వచ్చింది, చేతిలో నిండు గ్లాసుతో. "ఇదిగో అమ్మా. ఎండన పడి వచ్చావు, నేనే ముందు ఇవ్వాల్సింది" అంటూ ఆ అమ్మాయికి అందించింది.

అమ్మాయి తెల్లబోయింది. "నేనడగలేదండి..."

"నువ్వే కదమ్మా, ఇప్పుడే, మంచినీళ్ళని..." భార్య ఆగింది. అమ్మాయి ముఖం చూసింది, డబ్బా చూసింది, భర్తని చూసింది.

"అడిగింది మీ వదిన" అన్నారు మాస్టారు.

డబ్బాలోంచి ఊపిరి వస్తూనే ఉంది. ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకుని, అంచు చీరచెంగుతో తుడిచి, బల్ల మీద సుద్దముక్కలూ దారపు రీళ్ళూ ఒక పక్కకి నెట్టి, డబ్బా ముందు ఆనించి పెట్టింది. ఆయన కూర్చున్న స్టూలుకి ఎదురుగా రెండో స్టూలు కూడా లాగి వేసింది.

"మొట్టమొదటిసారి మన ఇంటికొచ్చారు" అంది, ఎవరితో అంటోందో తెలియకుండా. "అడిగించుకున్నాను చూడండి."